ప్యానెళ్లున్న ఇల్లా, బడి పక్కనున్న ఇల్లా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. మాకు 14 ఏళ్ల అమ్మాయి, 9 ఏళ్ల అబ్బాయి. మా అత్తగారు మాతోనే ఉంటారు, ఆవిడకు ఉబ్బసం. ఇన్నాళ్లూ కూడబెట్టుకున్నదానికి కొంత అప్పు కలిపి కొత్త ఇల్లు కొనాలనుకుంటున్నాం. చూసి చూసి రెండింటి దగ్గర ఆగిపోయాం. మొదటిది ఊరి బయట విడి ఇల్లు. నాలుగు పడకగదులు, చుట్టూ ఖాళీ స్థలం, పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు, హాలుకు ఒకవైపంతా నిలువెత్తు అద్దం. బ్రోషర్ నిండా ‘హరిత గృహం’ అనే రాశారు. అక్కడి నుంచి నా ఆఫీసు 20 కిలోమీటర్లు. బస్సు లేదు కాబట్టి రెండో కారు కొనాలి. రెండోది ఊళ్లోనే, అయిదంతస్తుల భవనంలో మూడో అంతస్తు ఫ్లాట్. రెండు పడకగదులు, ఒక చిన్న గది. ఆ బిల్డర్ పర్యావరణం ఊసే ఎత్తలేదు. బడికి నడిచి వెళ్లవచ్చు. మావారికి మొదటిదే నచ్చింది. మా అమ్మాయి మాత్రం ‘ఈ రెండింటిలో భూమికి తక్కువ చెరుపు చేసేది ఏది?’ అని అడిగింది. మాలో ఎవరికీ జవాబు తోచలేదు. మీరేమంటారు?
— పేరు వద్దన్న పాఠకురాలు

జవాబు: ముందుగా మీ అమ్మాయికి నా అభినందనలు చెప్పండి. పెద్దవాళ్లం చాలామందిమి ఈ ప్రశ్నను తలకిందులుగా అడుగుతాం. ‘ఏ ఇంట్లో పర్యావరణానికి పనికొచ్చే వస్తువులు ఎక్కువున్నాయి?’ అని చూస్తాం. ఆ అమ్మాయి ‘తక్కువ చెరుపు’ అంది. కొత్త ఇల్లు ఏదైనా, తాళం చెవి మీ చేతికి వచ్చేసరికే కొంత చెరుపు జరిగిపోయి ఉంటుంది. అది ఎంత జరిగింది, ఇకమీదట ఏటా ఎంత జరుగుతుంది అన్నవే మనం తేల్చుకోవాల్సినవి.

జరిగిపోయిన దాని గురించి బ్రోషర్లు మాట్లాడవు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రపంచం వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 8 శాతం ఒక్క సిమెంటు తయారీ నుంచే వస్తోంది. దానికి బొగ్గు మండించడం ఒక్కటే కారణం కాదు. సున్నపురాయిని, మట్టిని కలిపి సుమారు 1,450 డిగ్రీల దగ్గర కాలుస్తారు. ఆ వేడికి సున్నపురాయి విడిపోయి, లక్షల ఏళ్లుగా తనలో దాచుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను వదిలేస్తుంది. సిమెంటు తయారీలో వెలువడే దానిలో సగానికి పైగా ఇలా రాతిలోంచే వస్తుంది. అందువల్ల బట్టీలో బొగ్గు మానేసి మరేది మండించినా ఆ సగం ఎక్కడికీ పోదు. ఉక్కు సంగతీ ఇలాంటిదే. ఖనిజం నుంచి కొత్తగా తీసిన ఉక్కు టన్నుకు దాదాపు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. పాత ఇనుము కరిగించి చేసినదానికి అందులో చిన్న భాగమే.

అంటే ఇల్లు పెద్దదయిన కొద్దీ ఈ చెరుపు పెరుగుతుంది. మీకు అవసరంలేని నాలుగో పడకగది ఏ రంగు వేసుకున్నా, దాని పునాది, స్లాబు, గోడలు ఈ లెక్కలోకి వచ్చేస్తాయి. తర్వాత దాన్ని చల్లబరచాలి, వెచ్చబరచాలి, దీపం పెట్టాలి, సామానుతో నింపాలి. అయిదుగురు మనుషులకు రెండు పడకగదులు, ఒక చిన్న గది సరిపోతాయా లేదా అన్నది మీరే చెప్పగలరు. సరిపోతాయనుకుంటే మాత్రం, ఆ ఇల్లు మొదటి పరీక్షలో ఏ ప్రచారమూ లేకుండానే నెగ్గినట్టు.

ఇద్దరు బిల్డర్లనూ ఒక్క మాట అడగండి: ‘ఏ సిమెంటు వాడారు?’ ఉక్కు కొలిమి నుంచి వచ్చే స్లాగు అనే చిట్టెం, బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిద కలిపిన సిమెంటు వాడితే, సున్నపురాయిని కాల్చగా వచ్చే ముద్ద, అంటే క్లింకర్, వాటా తగ్గుతుంది, దానితో పాటు చెరుపూ తగ్గుతుంది. వెంటనే జవాబు చెప్పగలిగిన బిల్డర్‌కు తను కట్టినదాని మీద శ్రద్ధ ఉందని అర్థం. నన్నడిగితే, ఆ జవాబు కన్నా అది చెప్పే తీరే ఎక్కువ విషయం చెబుతుంది.

ఇక రోజువారీ ప్రయాణం. ఇంటి గురించి అడిగితే కారు గురించి చెబుతున్నాడేమిటి అనుకోకండి, ఎందుకంటే ఆ కారును కొనిపించేది ఆ ఇల్లే. మీ లెక్కే తీసుకుందాం. రానూపోనూ 40 కిలోమీటర్లు, ఏడాదికి 250 పనిదినాలు, మొత్తం 10,000 కిలోమీటర్లు. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే పెట్రోలు కారయితే దాదాపు 670 లీటర్లు కావాలి. లీటరు పెట్రోలు మండితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి ఒకటిన్నర టన్నులు! ఇది మీ ఒక్కరి ఆఫీసు ప్రయాణమే. పిల్లల బడి, అత్తగారి ఆసుపత్రి, అయిపోయిన పాల కోసం మళ్లీ బయలుదేరడం, ఇవేవీ కలపలేదు. పైకప్పు మీది ప్యానెళ్లు ఏడాదంతా ఆదా చేసిన దానిలో పెద్ద భాగాన్ని ఈ ప్రయాణమే మింగేయవచ్చు. విద్యుత్ కారు కొంటే ఈ అంకె తగ్గుతుంది కానీ, ఆ కారునూ ఎక్కడో తయారుచేయాల్సిందే. రోజూ రెండు గంటలు రోడ్డు మీద గడపడమూ తప్పదు.

ఇప్పుడు ఆ అద్దం గోడ. ఈ విషయంలో నాకు సొంత అనుభవం ఉంది. కొన్నేళ్ల కిందట మేమూ ఒక కొత్త ఇల్లు కొన్నాం. చూడటానికి వెళ్లింది ఉదయం పది గంటలకు. పడకగదికి గోడంత అద్దం, దానిలోంచి చెట్లు, మెత్తటి వెలుగు. అక్కడే నిర్ణయం తీసుకున్నాం. దిక్కు చూడలేదు. ఆ అద్దం పడమటికి ఉంది. వేసవి మొదలయ్యాక, సాయంత్రం నాలుగింటికి ఆ గదిలో మంచం మీది దుప్పటి పట్టుకుంటే అప్పుడే ఇస్త్రీ చేసినట్టు వేడిగా ఉండేది. మందపాటి పరదాలు కట్టాం. పరదా, అద్దం మధ్య చెయ్యి పెడితే కాలేది, ఆ వేడి పైనుంచి గదిలోకే వచ్చేది. వెలుగు అద్దం దాటి లోపలికి వచ్చాక ఆపడం వల్ల లాభం లేదని అప్పుడు తెలిసింది. చివరకు కిటికీ బయట తెర కట్టించుకున్నాక గదిలో కూర్చోగలిగాం. అప్పటికి రెండు వేసవులు ఏ.సి. మోత వింటూ గడిపాం. ఆ ఇంటి బ్రోషర్ మీద కూడా ఆకు బొమ్మ ఉంది.

అందుకే గట్టిగా చెబుతున్నాను, ఇంటికి దిక్సూచి తీసుకెళ్లండి. ఫోనులో ఉన్నదైనా చాలు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న ఊళ్లలో దక్షిణపు కిటికీని కాపాడుకోవడం సులభం. వేసవి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి దగ్గరగా ఉంటాడు కాబట్టి కిటికీ పైన రెండడుగుల సన్‌షేడ్ చాలావరకు ఎండను ఆపుతుంది. చలికాలంలో సూర్యుడు కిందికి వాలి, అదే కిటికీ లోంచి వెచ్చదనాన్ని లోపలికి పంపుతాడు. భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నవారికి ఇదే మేలు ఉత్తరపు గోడ చేస్తుంది. తూర్పు, పడమరల సంగతి అలా కాదు. అక్కడ ఎండ ఏటవాలుగా, సన్‌షేడ్ కింది నుంచి నేరుగా గదిలోకి దూరుతుంది. పడమటి అద్దం అన్నిటికన్నా బాధపెడుతుంది, అప్పటికే రోజంతా కాగిన గాలికి అది తోడవుతుంది కాబట్టి.

అద్దం ఎలాంటిదో కూడా అడగాలి. లోపలికీ బయటికీ ఒక్క డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు గుండా ఎన్ని వాట్ల వేడి దాటుతుందో చెప్పే అంకె ఒకటుంది. దాన్ని యు-విలువ అంటారు. ఒంటి అద్దానికి అది 5.8 దాకా ఉంటుంది. మధ్యలో గాలి ఉంచిన జంట అద్దానికి 2.8. వేడిని వెనక్కి తిప్పే పలుచని పూత, మధ్యలో ఆర్గాన్ వాయువు ఉన్న జంట అద్దానికి 1.2 దాకా దిగుతుంది. మంచి ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర, ఉన్న గోడకు 0.3, అంతకన్నా తక్కువ. చూశారా, ఇంత మంచి జంట అద్దం కూడా మంచి గోడ కన్నా నాలుగు రెట్లు వేడిని దాటిస్తుంది. మరో అంకె, ఎండ వేడిలో ఎంత భాగాన్ని అద్దం లోపలికి వదులుతుందో చెబుతుంది. అది సున్నా నుంచి ఒకటి మధ్య ఉంటుంది. వేడి ప్రాంతాల్లో ఇది తక్కువ ఉన్న అద్దం మేలు. ఈ రెండు అంకెలూ అద్దం తయారీదారు ఇచ్చే పత్రంలో ఉంటాయి. పత్రం చూపించకుండా ‘ప్రత్యేకమైన అద్దమండీ’ అంటే నమ్మకండి.

గోడలోపల ఏముందో కళ్లతో చూడలేం. అయినా అడగడానికి దారి ఉంది. కట్టే రోజుల్లో తీసిన ఫోటోలు చూపించమనండి. ఇన్సులేషన్ పలకలు కిటికీ చట్టం దాకా సందు లేకుండా వచ్చాయా, పైకప్పు మీద పరిచారా, గది నేలగా ఉన్న స్లాబే బయటి బాల్కనీగా సాగిపోయిందా? ఆఖరిది చాలామంది పట్టించుకోరు. కాంక్రీటు అలా ఏకంగా బయటికి సాగితే, గోడకు ఎంత దుప్పటి కప్పినా వేడీ చలీ ఆ వంతెన మీదుగా రాకపోకలు సాగిస్తాయి. చలి ప్రాంతాల్లో ఆ మూలలోనే తేమ చేరి బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవారికి బూజు ఎంత చేటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

గాలి లీకులు మీరే పట్టుకోవచ్చు. పలుచటి కాగితాన్ని వేలెడంత వెడల్పున చించి, గాలి వీచే రోజున మూసి ఉన్న కిటికీ అంచు వెంట, స్విచ్ బోర్డుల దగ్గర, తలుపు కింద పట్టుకోండి. అది వణికిందంటే అక్కడ సందు ఉంది. బిల్డర్లు యంత్రంతో చేయించే పరీక్ష కూడా ఉంది. తలుపులో ఫ్యాను బిగించి, 50 పాస్కల్ పీడనం దగ్గర ఇంట్లోని గాలి గంటకు ఎన్నిసార్లు మారుతోందో కొలుస్తారు. జర్మనీలోని డార్మ్‌స్టాట్‌లో 1990-91లో నాలుగు ఇళ్ల వరుస ఒకటి కట్టారు. భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ ఆ ప్రయత్నానికి ముందున్నారు. తర్వాత ‘పాసివ్ హౌస్’ అని పేరుపడిన పద్ధతికి అది పునాది. ఆ ప్రమాణం ప్రకారం పై పరీక్షలో అంకె 0.6 దాటకూడదు. ఇంటిని వెచ్చబరచడానికి ఏడాదికి చదరపు మీటరుకు 15 యూనిట్లకు మించి శక్తి పట్టకూడదు. ఆ ఇళ్లు అలా నడవడానికి కారణం మందపాటి ఇన్సులేషన్, మంచి కిటికీలు, సందులు లేని పనితనం, లోపలి గాలిలోని వేడిని పట్టి ఉంచుతూ కొత్త గాలి తెచ్చే వెంటిలేషన్. అవసరాన్ని ముందు తగ్గించి, మిగిలినదానికే యంత్రాన్ని పెట్టారు. మీరు చూసిన మొదటి ఇంటి బ్రోషర్‌లో యంత్రాలున్నాయి. అవసరం తగ్గించిన దాఖలా మాత్రం మీ ఉత్తరంలో కనిపించలేదు.

ఒక చిన్న హెచ్చరిక. ఏడాదిలో చాలా నెలలు కిటికీలు తెరిచి ఉంచే ప్రాంతమైతే ఈ బిగుతుదనం వెంట అంతగా పడనక్కర్లేదు. అక్కడ ఎదురెదురు గోడలకు కిటికీలు ఉండి గాలి ఆరపార వెళ్లడం, పైకప్పు తెల్లగా ఉండి ఎండను తిప్పికొట్టడం ఎక్కువ పనిచేస్తాయి. ఫ్లాట్ ఎంచుకునేవారు చూసుకోవాల్సింది ముఖ్యంగా ఇదే. ఒక్క వైపే కిటికీలున్న ఫ్లాట్‌లో గాలి ఆడదు. మీ మూడో అంతస్తుకు ఒక మేలు ఎలాగూ ఉంది. పైనా కిందా పక్కనా ఇళ్లే కాబట్టి ఎండకూ చలికీ ఎదురు నిలిచే గోడలు తక్కువ. విడి ఇల్లు నాలుగు వైపులా, పైకప్పుతో సహా, ఒంటరిగా పోరాడాలి.

సర్టిఫికెట్ల గురించి మీరు అడగకపోయినా చెప్పాలి. బ్రిటన్‌లో 1990లో మొదలైన ‘బ్రీమ్’, అమెరికా గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్ 1998లో తెచ్చిన ‘లీడ్’, ప్రపంచ బ్యాంకు బృందానికి చెందిన ఐ.ఎఫ్.సి. నడిపే ‘ఎడ్జ్’, ఇవన్నీ నిజాయతీగా వాడితే మంచి సాధనాలే. ఎడ్జ్ లెక్క సులభంగా అర్థమవుతుంది. శక్తి, నీరు, కట్టడానికి వాడిన సామగ్రి తయారీలో వెలువడిన కార్బన్, ఈ మూడింట్లోనూ స్థానిక మామూలు భవనం కన్నా కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. చిక్కు ఎక్కడంటే, ‘నమోదు చేసుకున్నాం’ అన్నది వేరు, ‘సర్టిఫికెట్ వచ్చింది’ అన్నది వేరు. దరఖాస్తు పెట్టుకున్న రోజు నుంచే ఆ గుర్తును ప్రకటనల్లో వాడుకునేవారున్నారు. కాగితం మీది డిజైన్‌కు ఇచ్చినదా, కట్టడం పూర్తయ్యాక ఇచ్చినదా కూడా చూడండి. బ్రీమ్, లీడ్ లాంటి వాటిలో మార్కులు రకరకాల పనులకు వస్తాయి కాబట్టి ఫలకం చూసి ఊరుకోక, ఏ విభాగంలో ఎన్ని వచ్చాయో చూపే పట్టిక అడగండి. శక్తి విభాగంలో తక్కువ మార్కులతో, మిగతావాటితో నెట్టుకొచ్చిన భవనానికీ ఆ ఫలకమే ఉంటుంది. సంస్థల వెబ్‌సైట్లలో పేరు వెతికినా చాలావరకు తేలిపోతుంది.

సోలార్ ప్యానెళ్లను నేను చిన్నచూపు చూడటం లేదు. అవి ఉండాలి. అయితే వాటి సామర్థ్యం ఎన్ని కిలోవాట్లు, మధ్యాహ్నం వాటి మీద పక్క భవనం నీడ పడుతుందా, కరెంటు మీ మీటరుకే వస్తుందా, ప్యానెళ్లు మీ సొంతమా లేక అద్దెవా, ఇవి తెలుసుకోండి. ఏ.సి. పెట్టి ఉంటే దానిలోని గ్యాసు పేరు చూడండి, యంత్రం పక్కన అంటించిన చీటీ మీదే ఉంటుంది. ఆర్-410ఏ బయటికి లీకయితే, అంతే బరువు కార్బన్ డయాక్సైడ్ కన్నా భూమిని 2,000 రెట్లకు పైగా వేడెక్కిస్తుంది. ఆర్-32 దాదాపు 675 రెట్లు. ఆర్-290 అంటే ప్రొపేన్, దానికి ఈ దోషం నామమాత్రం. నీళ్లు కాచడానికి హీట్ పంపు ఉంటే మంచిది. అది ఒక యూనిట్ కరెంటు తీసుకుని సుమారు మూడు యూనిట్ల వేడిని అందిస్తుంది.

అత్తగారి ఉబ్బసం సంగతి రాశారు కాబట్టి ఇది తప్పక చేయండి. రెండు ఇళ్లలోనూ వంటింటి అల్మారా ఒకటి తెరిచి, తల లోపలికి వంచి, ఊపిరి పీల్చండి. ముక్కు మండి, కళ్లలో నీళ్లు తిరిగితే అది చెక్కపొట్టును అతికించిన జిగురులోని ఫార్మాల్డిహైడ్ కావచ్చు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో దీన్ని మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల్లో చేర్చింది. పార్టికల్ బోర్డు, ఎం.డి.ఎఫ్., చవక ప్లైవుడ్‌లలో ఇది ఎక్కువ. వేడి, తేమ పెరిగితే మరింతగా వెలువడుతుంది. వాసన లేనంత మాత్రాన లేదనీ కాదు. బోర్డు తరగతి, రంగుల డబ్బా మీది వివరాలు అడిగి రాసుకోండి. ఏ ఇల్లు కొన్నా, చేరేముందు కొన్ని వారాలు అల్మారాలూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వండి.

నీటి విషయం సులువు. ఫ్లష్‌లో పెద్ద మీటకు 6 లీటర్లు, చిన్న మీటకు 3 లీటర్లు మించకుండా ఉంటే చాలు, లేకపోయినా తర్వాత మార్చుకోవచ్చు. నేల విషయం అలా మార్చుకునేది కాదు. ఊరి బయటి స్థలం ఇంతకు ముందు ఏమిటో కనుక్కోండి. చెరువో, వాగు పొర్లే లోతట్టో పూడ్చి కట్టి ఉంటే, ఆ నీటికి చోటు లేకుండా చేసిన ఇల్లది. నీరు ఏదో ఒక ఏడాది తిరిగి వస్తుంది. పదిహేను ఇరవై ఏళ్ల కిందటి ఉపగ్రహ చిత్రాలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. ఈ పని మీ అమ్మాయికి అప్పగించండి.

నా అభిప్రాయం అడిగారు. మీరు రాసినంత వరకు నా మొగ్గు ఊళ్లోని ఫ్లాట్ వైపే. దానికి కారణం ఒకటే. ఆ ఫ్లాట్‌లో లేనివి చాలావరకు తర్వాత తెచ్చుకోగలిగినవి: ఎల్.ఇ.డి. దీపాలు, మంచి ఫ్లష్, కిటికీ బయట తెర, భవనంలోని వారంతా కలిసి పైకప్పు మీద పెట్టుకునే ప్యానెళ్లు. మొదటి ఇంట్లో లేనివి ఎన్నటికీ తెచ్చుకోలేనివి. దూరాన్ని తగ్గించలేరు, ఆ అద్దం గోడ పడమటికి ఉంటే దాన్ని తిప్పలేరు, పోసిన కాంక్రీటును వెనక్కి తీసుకోలేరు. అయితే ఆ ఫ్లాట్‌కు ఒకే వైపు కిటికీలుండి, ఉన్నవి కూడా పడమటివే అయితే నా మాట వెనక్కి తీసుకుంటాను. అప్పుడు మూడో ఇల్లు వెతకండి. అది పాతదయినా ఫరవాలేదు. బాగా నిలిచి ఉన్న పాత ఇంటికి కిటికీలు మార్చి, పైకప్పుకు ఇన్సులేషన్ వేయించుకోవడం చాలాసార్లు కొత్తది కట్టడం కన్నా తక్కువ చెరుపు.

మీవారి కోరికను తేలిగ్గా తీసేయకండి. చుట్టూ మట్టి, నాలుగు చెట్లు కావాలనుకోవడం మంచి కోరిక. ఆయనకు కావాల్సింది ఇంటి పరిమాణమా, పచ్చదనమా అని నెమ్మదిగా అడగండి. పచ్చదనమే అయితే, ఆ అయిదంతస్తుల భవనం చుట్టూ మొక్కలకు ఎంత నేల వదిలారో, పైకప్పు మీద కుండీలు పెట్టనిస్తారో లేదో ఇద్దరూ కలిసి కనుక్కోండి.

ఈ వారంలోనే, ఎండ కాసే రోజు చూసుకుని, సాయంత్రం నాలుగింటికి రెండు ఇళ్లకూ వెళ్లండి. అమ్మాయిని తీసుకెళ్లండి, వెంట దిక్సూచి, గది ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు, ఒక కాగితం ముక్క ఉండాలి. ప్రతి గదిలో కిటికీలు మూసి పది నిమిషాలు కూర్చుని అంకె రాసుకోండి, తర్వాత తెరిచి మళ్లీ రాసుకోండి. పడమటి గోడ మీద అరచెయ్యి ఆనించి చూడండి. ఆ కాగితం నాకు పంపితే, పేరు లేకపోయినా సరే, మళ్లీ జవాబు రాస్తాను.